అడంగల్‌కెక్కని నష్టం

రామతీర్థంలో గుడి రాముడిది, పెద్ద జాతర మాత్రం శివరాత్రికి. విజయనగరానికి డజను కిలోమీటర్ల దూరంలో, నెల్లిమర్ల మండలంలో ఉన్న ఈ ఊరికి ఆ రోజు ఉత్తరాంధ్ర నలుమూలల నుంచీ జనం తరలివస్తారు. దర్శనం చేసుకుని బోధికొండ ఎక్కేవాళ్లు చాలామందే. పక్కనే ఉన్న గురుభక్తకొండ వైపు వెళ్లేవాళ్లు తక్కువ. చూడాల్సిందేమో అక్కడే ఎక్కువ. కొండ ఉత్తరపు వాలు మీద, ఇరుకు జాగాలో ఒక బౌద్ధ విహారం ఆనవాళ్లున్నాయి. ఇటుక స్తూపం, చైత్యాలు, భిక్షువుల గదుల పునాదులు వరసగా కనిపిస్తాయి. 1910 ప్రాంతంలో పురావస్తు శాఖకు చెందిన అలెగ్జాండర్ రే ఇక్కడ తవ్వించినప్పుడు శాతవాహనుల కాలపు నాణేలు కూడా దొరికాయి.

బిందెడు నీళ్లు మోసుకెళ్లడమే కష్టమైన అంత ఎత్తులో విహారం ఎలా నడిచిందన్న ప్రశ్న ఎవరికైనా వస్తుంది. జవాబు బండల మధ్యే ఉంది. పల్లంలోకి జారిన వాననీటిని అక్కడే ఆపుకున్నారు. వానాకాలం మూడు నెలలూ ఊరూరా తిరగకుండా ఒక్కచోటే ఉండాలన్నది బౌద్ధ భిక్షువుల నియమం. అంటే వాన కురిసే కాలమే వాళ్లు కొండ మీద కుదురుగా ఉండే కాలం కూడా. తర్వాత జైనులొచ్చారు. 11వ శతాబ్దం మొదట్లో వేంగి రాజు విమలాదిత్యుడి గురువు త్రికాలయోగి సిద్ధాంతదేవుడు ఈ ‘రామకొండ’ను సేవించాడని ఇక్కడి శాసనం చెబుతోంది. మతాలు మారినా కొండమీద వాననీటిని నిలుపుకోవాల్సిన అవసరం మారలేదు.

కొండ దిగితే సంగతి వేరు. ఇక్కడ వాన తక్కువేమీ కాదు, ఏడాది సగటు 1000 మిల్లీమీటర్లు దాటుతుంది. చిక్కల్లా అది వచ్చే తీరులోనే ఉంది. నైరుతి నాలుగు జల్లులు కొట్టి ఊరుకుంటే, ఆశ్వయుజ కార్తీకాల్లో బంగాళాఖాతంలో లేచిన తుపాను ఒకే రాత్రి ఏడాదికి సరిపడా కుమ్మరిస్తుంది. చంపావతి, నాగావళి, వంశధార తూర్పు కనుమల్లో పుట్టి చూస్తుండగానే సముద్రంలో కలిసే పొట్టి నదులు. పడిన నీటిని పట్టి ఉంచేవి ఊరి చెరువులే. చెరువు బాగుంటే కరువు ఒక ఏడాది ఆలస్యంగా వస్తుంది, గట్టు తెగితే ఆ ఏడాదే ఇంట్లోకొస్తుంది.

చెరువు బాగోగులు ఎవరి పూచీ అన్న ప్రశ్నకు 1802లో ఇంగ్లిషు కంపెనీ ఒక జవాబు ఇచ్చింది. అంతకు ఎనిమిదేళ్ల ముందు, 1794 జూలై 10న, పద్మనాభం దగ్గర విజయనగరం రాజు చిన విజయరామరాజును కంపెనీ సేన చంపింది. తర్వాత ఉత్తర సర్కార్లలో శాశ్వత శిస్తు వచ్చింది. జమీందారు కట్టాల్సిన పేష్కష్ ఎప్పటికీ ఇంతేనని సనదులో రాసేశారు. వాన పడినా అంతే, పడకపోయినా అంతే. జమీందారు ఆ భారాన్ని రైతు మీదకు తోసేవాడు. చెరువు మరమ్మతు కూడా అతని బాధ్యతేనన్నారు గానీ, చేయకపోతే ఏం చేయాలో ఆ కాగితంలో గట్టిగా లేదు. దున్నేవాడి పేరైతే అందులో అసలే లేదు. ఎస్టేటు రైతుకు తన భూమి మీద సాగు హక్కు ఉందని మద్రాసు చట్టం ఒప్పుకున్నది 1908లో. నూటఆరేళ్లు పట్టింది.

ఆ నూటఆరేళ్ల మధ్యలోనే 1866 వచ్చింది.

అంతకు ముందు ఏడాది వానలు ముందే ఆగిపోయాయి. ఒరిస్సా కరువుగా చరిత్రకెక్కిన ఆ విపత్తులో దాదాపు పది లక్షల మంది చనిపోయారని అంచనా. దాని దక్షిణపు అంచు గంజాం జిల్లా. ఇప్పటి శ్రీకాకుళం జిల్లాలో చాలా భాగం అప్పుడు గంజాంలోనే ఉండేది. ధర పెరిగితే వ్యాపారులే ధాన్యం తెస్తారు, ప్రభుత్వం చేయి పెట్టకూడదని కలకత్తా అధికారులు నమ్మారు. వ్యాపారులు తేలేదు. ప్రభుత్వం కళ్లు తెరిచి ఓడల మీద బియ్యం పంపేసరికి మళ్లీ వానాకాలం దిగింది, రేవుల్లో అలల పోటుకు సరుకు దించడమే కష్టమైంది. మరుసటి ఏడాది, 1867లో, జార్జి క్యాంప్‌బెల్ నాయకత్వంలోని విచారణ సంఘం నివేదిక ఇచ్చింది. విచారణ జరగడానికి మన దేశంలో చనిపోయినవాళ్ల సంఖ్య ఎప్పుడూ ఒక అర్హతే.

పదేళ్ల తర్వాత 1876-78 కరువు. ఆ దెబ్బ ప్రధానంగా రాయలసీమ మీద, మైసూరు, తమిళ జిల్లాల మీద పడింది. దాని పాఠాలు మాత్రం ఉత్తరాంధ్రతో సహా దేశమంతటికీ రూళ్లయ్యాయి. మద్రాసు ప్రభుత్వం సహాయానికి మరీ ఎక్కువ ఖర్చు పెడుతోందని వైస్రాయి లిట్టన్ సర్ రిచర్డ్ టెంపుల్‌ను పంపాడు. ఈ టెంపులే 1874లో బీహారులో ధాన్యం ధారాళంగా తెప్పించి జనాన్ని బతికించి, అందుకే చీవాట్లు తిన్నవాడు. రెండోసారి ఆ పొరపాటు చేయలేదు. కరువు పనికి వచ్చిన మగమనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, పైన చిల్లర. పౌనంటే అరకిలో కూడా కాదు. ఆ తిండితో మట్టి తవ్వలేరని మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ కాగితాల మీద కాగితాలు రాశాడు. కూలి పెంచేలోగా శిబిరాల్లో చాలామంది పోయారు.

1877లో పసిఫిక్ సముద్రం అసాధారణంగా వేడెక్కిందనీ, మన రుతుపవనాలను చెరిచింది ఆ ఎల్‌నినోయేననీ ఇవాళ తెలుసు. 1899 కరువు తర్వాత భారత వాతావరణ శాఖకు అధిపతిగా వచ్చిన గిల్బర్ట్ వాకర్ రుతుపవనాన్ని ముందే పసిగట్టాలని పట్టుబట్టి, పసిఫిక్ పీడనానికీ మన వానకూ ఉన్న బంధాన్ని లెక్కగట్టాడు. అంటే ఎల్‌నినో శాస్త్రానికి మన కరువులే పాఠశాల. కానీ వాన రాకపోవడానికి కారణం పసిఫిక్‌లో ఉంటే, అన్నం రాకపోవడానికి కారణం కచేరీలో ఉంది. ఈ రెండింటినీ విడదీసి చూడాలని అమర్త్య సేన్ 1981లో సిద్ధాంతం రాశాడు. గింజలు ఊళ్లోనే ఉన్నా కొనే దారి మూసుకుపోయి ఆకలితో చచ్చినవాళ్ల కథ చికాకోలు (ఇప్పటి శ్రీకాకుళం), పర్లాకిమిడి పల్లెలకు అంతకు ముందే తెలుసు.

1880 కరువు సంఘం సిఫార్సులతో 1883లో కరువు నియమావళి వచ్చింది. సర్కారుది దయ కాదు, నియమం ప్రకారం చేయాల్సిన పని అన్న ఆలోచన మొదటిసారి కాగితం మీదకెక్కింది అక్కడే. అయినా హక్కనలేదు. ఆ మాట పార్లమెంటు చట్టంలో చేరడానికి 2005 దాకా ఆగాలి. 2006 ఫిబ్రవరిలో ఉపాధి హామీ మొదలైన తొలి విడత జిల్లాల్లో విజయనగరం ఉంది. చెరువు పూడిక తీసే పని నూటపాతికేళ్ల కిందటిదే. తేడా ఏమిటంటే, అడిగిన పదిహేను రోజుల్లో పని చూపకపోతే భృతి అడిగే వీలు ఈసారి చట్టంలో పెట్టారు. అడిగి సాధించుకున్నవాళ్లెందరన్నది వేరే సంగతి.

కరువు నియమావళి కన్నా జనం ఎక్కువగా నమ్ముకున్నది ఓడని. కళింగపట్నం, భీమిలి, విశాఖ రేవుల నుంచి రంగూన్‌కు స్టీమర్లు పోయేవి. ‘రంగం పోయాడు’ అంటే ఊళ్లో పని లేదని అర్థం. వరి కోతలకు, బియ్యం మిల్లులకు, రేవులో మూటలు మోయడానికి గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి ఏటా వేలమంది వెళ్లారు. బర్మాలో వాళ్లను కోరింగీలనేవారు. 1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు సమ్మె చేస్తే వాళ్ల స్థానంలో బర్మా కూలీలను పెట్టారు. సమ్మె ముగిశాక అది కొట్లాటగా మారి తెలుగువాళ్ల ప్రాణాలు తీసింది. 1942లో జపాను బాంబులకు మిగిలినవాళ్లలో చాలామంది అడవుల వెంట కాలినడకన తిరిగొచ్చారు. వాతావరణ వలస అన్న మాట ఇప్పుడు సమావేశాల్లో వినిపిస్తోంది. ఉత్తరాంధ్ర దాన్ని మూడు నాలుగు తరాల కిందటే చేసింది, ఇప్పుడూ చేస్తోంది. కాకపోతే రేవు మారింది. శ్రీకాకుళం మత్స్యకారులు చేపల వేటకు గుజరాత్‌లోని వేరావల్ దాకా పోతున్నారు. 2018లో సముద్రంలో హద్దు దాటారని అలా వెళ్లినవాళ్లనే పాకిస్తాన్ పట్టుకుంది, ఏడాది దాటాక గానీ వదల్లేదు.

అడవిలో కట్టెపుల్లలు ఏరుకున్నందుకు కూడా ఇప్పటి శ్రీకాకుళం జిల్లాలో తుపాకీ పేలింది. మందస జమీందారీలో రైతులు ఎదురుతిరిగినప్పుడు, 1940 ఏప్రిల్ 1న, గుడారి రాజమణిపురంలో పోలీసుల కాల్పులకు సాసుమాన గున్నమ్మ బలైంది. కడుపుతో ఉన్న మనిషి.

డెబ్భై ఏళ్ల తర్వాత అదే చుట్టుపక్కల తుపాకులు మళ్లీ పేలాయి. ఈసారి కారణం బొగ్గు. సోంపేట బీల అంటే వాననీరు నిలిచే విశాలమైన చిత్తడి నేల. దాని నీటితో పొలాలు పండుతాయి, పశువులు మేస్తాయి, వల వేసేవాళ్లకు చేప దొరుకుతుంది, తుంగ కోసేవాళ్లకు చాపలు. సర్కారు దస్త్రంలో మాత్రం అది ఎవరికీ చెందని, దేనికీ పనికిరాని పోరంబోకు. 2640 మెగావాట్ల థర్మల్ కేంద్రానికి నాగార్జున కన్‌స్ట్రక్షన్ కంపెనీకి ఇచ్చేశారు. పర్యావరణ పరిరక్షణ సంఘం పేరిట జనం కూడారు. ఇంధన శాఖ మాజీ కార్యదర్శి ఇ.ఎ.ఎస్. శర్మ ఢిల్లీకి లేఖలు రాసి, బీల ఎంత విలువైన నీటి నేలో ఎత్తిచూపారు. విద్యుత్తు లెక్కలు తెలిసిన మనిషే ఆ కేంద్రం అక్కడ వద్దనడం సంఘానికి పెద్ద బలమైంది. 2010 జూలై 14న పనులు మొదలుపెట్టబోతే ఊళ్లు అడ్డం పడ్డాయి. కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. అదే వారంలో జాతీయ పర్యావరణ అప్పీలు అథారిటీ ఆ ప్రాజెక్టు అనుమతిని కొట్టేసింది. ఆ ఉత్తర్వు కొన్నాళ్ల ముందు వచ్చి ఉంటే ఇద్దరు బతికేవారు. ఆ కేంద్రం ఇప్పటికీ కట్టలేదు.

2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లి తంపరలో ఇదే మళ్లీ జరిగింది. తంపర అంటే చిత్తడి నేల, పక్కనే తేలినీలాపురం, ఏటా పెలికాన్లు వచ్చి పిల్లలు చేసే ఊరు. అక్కడా 2640 మెగావాట్లే, అక్కడా కాల్పులే, అక్కడా మరణాలే. వడ్డితాండ్రలో ఇళ్లు కాలిపోయాయి.

ఈ రెండు చోట్లా జనం మొదట మాట్లాడింది భూగోళం వేడెక్కడం గురించి కాదు, చేప గురించి, నీటి గురించి. కానీ వాళ్లు ఆపింది బొగ్గు పొగని. సగటు భారతీయుడి వాటాకు వచ్చే కర్బన ఉద్గారాలు ఏడాదికి రెండు టన్నుల లోపో పైనో, అమెరికా మనిషివి దాదాపు ఏడు రెట్లు. బీల మీద బతికే మనిషిది సగటులో ఎన్నో వంతు ఉంటుందో ఊహించవచ్చు. అతని నేల మీదే బొగ్గు కాల్చాలనడం, తర్వాత వచ్చే తుపాను కూడా అతని ఇంటి మీదే పడడం, ఇదే వాతావరణ న్యాయమన్న వాదానికి మూలం. ఈ విషయంలో కోర్టులకు దారి చూపించిన తీర్పుల్లో తెలుగు గడ్డ మీదిదొకటుంది. 1987లో హైదరాబాదులో పార్కుకు కేటాయించిన స్థలంలో ఇళ్లు కట్టబోతే, టి.దామోదర్‌రావు కేసులో జస్టిస్ పి.ఎ.చౌదరి మంచి పర్యావరణం రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమేనన్నారు. వాతావరణ మార్పు దుష్ప్రభావాల నుంచి రక్షణ కూడా ఒక హక్కేనని 2024లో సుప్రీంకోర్టు చెప్పింది. గుజరాత్, రాజస్థాన్‌ల బట్టమేక పిట్టల కేసులో.

హక్కు ఊళ్లోకి దిగేసరికి ఏమవుతుందో 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున వచ్చిన తిత్లీ చూపించింది. తుపాను వజ్రపుకొత్తూరు మండలం పల్లిసారథి దగ్గర తీరం దాటింది. ఆ తీరంలోని ఉద్దానంలో కొబ్బరి చెట్లు మొదలంటా కూలిపోయాయి, జీడితోటలు వేళ్లతో లేచిపోయాయి. వరి పోతే వచ్చే ఏడాది మళ్లీ నాటొచ్చు. కొబ్బరి మొక్క కాపుకొచ్చేసరికి ఆరేడేళ్లు, నిండు కాపుకు అంతకన్నా ఎక్కువ. కిడ్నీ జబ్బుతో ఇప్పటికే సగం చితికిపోయిన పల్లెలవి. తుపాను పోయిన వారానికి లెక్క రాసే మనుషులు వచ్చారు. వాళ్లు చూసేది సర్వే నంబరు, అడంగల్ అనే సాగు లెక్కల పుస్తకం. అందులో పట్టాదారు గడిలో ఉన్న పేరుకు పరిహారం వస్తుంది. తోట కౌలుకు తీసుకుని పెట్టుబడి పెట్టినవాడి పేరు పక్క గడిలో ఉండాలి, చాలాచోట్ల ఉండదు. చెట్టెక్కి కాయ దించే కూలీకి, పీచు ఒలిచే మనిషికి, జీడి గింజ కొట్టే ఆడవాళ్లకు గడే లేదు.

కౌలుదారుకు కార్డు ఇవ్వాలని 2011లో ఒక చట్టం, 2019లో ఇంకోటి వచ్చాయి. రెండోదాని ప్రకారం కార్డు కావాలంటే భూమి యజమాని సంతకం పెట్టాలి. సంతకం పెడితే ఎక్కడ భూమి మీద హక్కు అడుగుతాడోనని యజమాని భయం. అడిగితే ఎక్కడ కౌలు ఊడుతుందోనని కౌలుదారుకు భయం. ఇలాంటి నష్టాల కోసమే 2022లో షర్మ్ ఎల్ షేక్ వాతావరణ సదస్సులో ‘నష్టం, హాని’ నిధికి దేశాలు ఒప్పుకున్నాయి, 2023లో దుబాయ్‌లో దానికి రూపమిచ్చాయి. ఆ డబ్బు ఎప్పటికైనా ఢిల్లీ దాకా, అమరావతి దాకా వచ్చిందే అనుకుందాం. అక్కడి నుంచి వజ్రపుకొత్తూరుకు అది నడిచి వెళ్లాల్సిన దారి ఆ అడంగల్ పుస్తకంలోంచే. ఆ గడిలో ఎవరి పేరు రాయాలన్నది తేల్చే సంతకం ఇప్పటికీ భూమి యజమాని చేతిలోనే ఉంది.