పొలిమేర నుంచి అపార్ట్‌మెంటుకు: తెలుగు భయానక చలనచిత్రాల జానపద మూలాలు

తెల్లాపూర్ ఒకప్పటి మెదక్ జిల్లా గ్రామం. 2016 నాటి జిల్లాల పునర్విభజనతో సంగారెడ్డి జిల్లాలో చేరి, 2018లో పురపాలక సంఘమైంది. 1998లో సైబర్ టవర్స్‌తో మొదలైన ఐటీ విస్తరణ పడమటికి జరుగుతూ వచ్చి, ఇక్కడి పొలాలనూ బండరాళ్ల మైదానాలనూ బహుళ అంతస్తుల గృహ సముదాయాలుగా మార్చింది. అయినా కట్టుబడిలో ఉన్న భవనాల ముందు కోరమీసాల దిష్టిబొమ్మ వేలాడడం, గృహప్రవేశానికి గుమ్మడికాయ కొట్టడం ఈ ప్రాంతమంతటా సాధారణ దృశ్యాలే. ఊరు నగరమైనా ఊరి భయాలు చిరునామా మార్చుకొని కొనసాగుతున్నాయనడానికి ఇవి తొలి సాక్ష్యాలు. ఇదే మార్పు తెలుగు భయానక చలనచిత్రాల్లోనూ కనిపిస్తుంది. ఈ చిత్రాల్లోని సంకేతాలను పాశ్చాత్య అనుకరణలుగా కొట్టివేయడం విమర్శలో పరిపాటి. ఆ సంకేతాలకు ఇక్కడి జానపద సంప్రదాయంలో ఉన్న మూలాలను, వాటి రూపాంతరాన్ని, ఆ క్రమంలో జారిపోయిన అర్థాన్ని పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

దైవము – దయ్యము

పరిశీలనకు పదచరిత్రే తగిన ప్రారంభం. ‘దయ్యము’ అన్నది ‘దైవము’ అన్న సంస్కృత పదానికి తద్భవం. ప్రాచీన తెలుగులో ‘దయ్యము’ దేవత అనే అర్థంలోనూ ప్రయుక్తమైంది. కాలక్రమంలో తత్సమం గుడిలో నిలిచింది, తద్భవం చింతచెట్టు ఎక్కింది. ఇది అర్థాపకర్షకు చక్కని ఉదాహరణ. అయితే జానపద విశ్వాసంలో ఈ రెండింటి మధ్య గీత ఎన్నడూ చెరిగిపోనంత గట్టిది కాదు. అకాలమరణం చెందిన స్త్రీకి గుడి కట్టి కొలిస్తే ఆమె పేరంటాలు. కొలవకుండా మరిచిపోతే ఆమె దయ్యం. పెనుగంచిప్రోలు తిరుపతమ్మ మొదలుకొని ఊరూరా వెలసిన పేరంటాళ్ల కథల్లో అవమానమో అన్యాయమో ఎదుర్కొన్న స్త్రీ మరణానంతరం ఊరికి రక్షకురాలు కావడం తరచుగా కనిపించే కథాంశం. చనిపోయిన స్త్రీ పగ తీర్చుకోవడం అనే సినిమా కథాంశానికి వెనుకనున్నది ఈ ఆరాధన. సినిమా చేసిన మార్పు ఒక్కటే: పగను ఉంచింది, గుడిని తీసివేసింది.

‘అరుంధతి’ (2009) ఈ రెండింటినీ తిరిగి కలిపిన చిత్రం. గద్వాల సంస్థానం నేపథ్యంగా అల్లిన ఈ కథలో జేజమ్మ తన అస్థికలతోనే ఆయుధం సిద్ధం కావాలని ప్రాణత్యాగం చేస్తుంది. వజ్రాయుధం కోసం వెన్నెముకనిచ్చిన దధీచి పురాణగాథ, ఊరికోసం ప్రాణమిచ్చిన పేరంటాలి గాథ ఇందులో ఒక్కటయ్యాయి. ఒకే కథలో పీడించే ప్రేతం పురుషుడు కావడం, రక్షించే మృతురాలు స్త్రీ కావడం గమనించదగినవి. ప్రేక్షకులు జేజమ్మను దయ్యంగా కాక అమ్మవారిగా స్వీకరించడానికి ఆ పాత సంస్కారమే దోహదం చేసిందని భావించవచ్చు.

పూనకం భాష

భయానక చిత్రాల్లో ఆవేశానికి గురైన పాత్ర జుట్టు విరబోసుకుంటుంది, కళ్లు ఎర్రజేస్తుంది, గొంతు మార్చుకుంటుంది, ఊగుతుంది. ‘ది ఎక్సార్సిస్ట్’ (1973) ప్రభావం ఈ దృశ్యాలపై లేదనలేము. కానీ ఈ శరీరభాష తెలుగు ప్రేక్షకుడికి అంతకు ముందే పరిచితం. తెలంగాణలో ఆషాఢమాసపు బోనాల్లో శివసత్తులు శివమూగడం, సికింద్రాబాద్ ఉజ్జయినీ మహాకాళి ఆలయంలో పచ్చికుండపై నిలిచి భవిష్యవాణి చెప్పే రంగం, ఒంటినిండా పసుపు పూసుకొని కొరడా ఝుళిపించే పోతరాజు – ఇవన్నీ ఆ భాషకు నిఘంటువులు. ఈ జాతర 1813 నాటి మహమ్మారితో ముడిపడినదని సంప్రదాయ కథనం. వ్యాధిని అమ్మగా పిలిచి, బోనమిచ్చి, ఆఖరున సాగనంపడం ఈ క్రతువులోని క్రమం. పిలవడం, అడగడం, తృప్తిపరచడం, పంపివేయడం అనే నాలుగు దశలూ సినిమాలోని భూతవైద్య సన్నివేశంలో యథాతథంగా ఉంటాయి.

భేదం ఫలితంలో ఉంది. జాతరలో పూనకం వచ్చిన స్త్రీ మాటకు ఊరు చెవి ఒగ్గుతుంది. మామూలు రోజుల్లో పెద్దల ముందు నోరెత్తని మనిషి ఆ ఘడియలో ఊరి తప్పులను ఎత్తిచూపగలదు. సినిమాలో అదే స్త్రీని మంచానికి కట్టివేస్తారు. మాట్లాడే అధికారాన్నిచ్చిన స్థితి చికిత్స చేయవలసిన స్థితిగా మారింది. ‘అమ్మోరు’ (1995) పూనకంలోని పవిత్రతను నిలుపుకోగా, ‘రాత్రి’ (1992) వంటి చిత్రాలు దాన్ని కేవలం ఉపద్రవంగా చూపాయి. ఈ రెండు మార్గాలూ ఒకే దశాబ్దంలో పక్కపక్కన నడవడం, దైవ–దయ్య పదాల జంటలాగే, ఆ అవిభక్త మూలానికి సాక్ష్యం.

పొలిమేర

తెలుగు గ్రామానికి నడుమ బొడ్రాయి, అంచున పొలిమేర. చెరువు కట్టకు కట్టమైసమ్మ, గండి పడే చోట గండిమైసమ్మ, ఊరి వెలుపల పోచమ్మ, ఎల్లమ్మ కావలి ఉంటారు. జాతర్లలో బలి రక్తం కలిపిన అన్నాన్ని పొలిమేర వెంట చల్లుతూ ‘పొలి’ కేక వేయడం, బొడ్రాయి ప్రతిష్ఠ నాడు ఊరిని కట్టడి చేయడం ఊరి హద్దును ఏటికేడు తిరిగి గీసే పనులు. దయ్యానికి చోటు ఆ హద్దుకు అవతల: శ్మశానం, ఊడలమర్రి, మూడుబాటల కూడలి. విక్రమార్కుడు బేతాళుణ్ణి తెచ్చేదీ ఆ శ్మశానపు చెట్టు మీది నుంచే. సోమదేవుని కథాసరిత్సాగరంలోనూ చోటు చేసుకున్న ఈ కథలను 1955 నుంచి చందమామ ఇంటింటికీ చేర్చింది. కాశీమజిలీ కథల ఆధారంగా వచ్చిన ‘పాతాళభైరవి’ (1951)లో నేపాళ మాంత్రికుడి సాధన కూడా ఊరికి దూరంగా, గుహలో సాగుతుంది.

ఈ భౌగోళిక భావనను ఇటీవలి చిత్రాలు శీర్షికల్లోకే తెచ్చుకున్నాయి. ‘మా ఊరి పొలిమేర’ (2021) అందుకు ఉదాహరణ. ‘విరూపాక్ష’ (2023)లో మరణాలను ఆపడానికి ఊరికి అష్టదిగ్బంధనం చేస్తారు. కానీ అపాయం అప్పటికే హద్దు లోపల ఉంది. 1990ల ప్రాంతంలో తెలుగు ఊళ్లలో, పట్టణాల్లో తలుపులపై ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాసుకోవడం కూడా హద్దు గీతే. పొలిమేర కాపలా గడపకు కుదించుకుపోయిందని ఆ రాత చెబుతుంది. కర్ణాటకలో ‘నాళె బా’గా కనిపించిన ఈ వదంతి, చిత్తూరు జిల్లా మూలాలున్న రాజ్–డీకే జంట రచనలో హిందీ చిత్రం ‘స్త్రీ’ (2018)గా రూపొంది దేశమంతటా చేరింది.

ఇల్లు, నేల, శల్యం

సమాధులపై కట్టిన ఇల్లు అమెరికా భయానక చిత్రాల్లో ప్రసిద్ధ సంకేతం. ‘పోల్టర్‌గైస్ట్’ (1982)లో శ్మశానవాటికపై గృహ సముదాయం వెలుస్తుంది. సమాధిరాళ్లను తొలగించి దేహాలను వదిలేయడమే అక్కడి తప్పు. తెలుగువారికి ఈ ఊహ అక్కడినుంచి రానక్కరలేదు. నేలలో ఎముకలుంటే ఇంటికి కీడని చెప్పే శల్యదోషం, వాటిని తవ్వి తీసే శల్యోద్ధారం వాస్తుశాస్త్రంలోని పాత అంశాలు. తెలంగాణలో బృహచ్ఛిలాయుగపు సమాధులను ప్రజలు ‘రాక్షసగుళ్లు’ అంటారు. అంత పెద్ద రాళ్లను మనుషులు ఎత్తలేరన్న ఊహ ఆ పేరులో ఉంది. తెల్లాపూర్‌కు సమీపంలోని హైదరాబాదు విశ్వవిద్యాలయ ఆవరణలోనే ఇటువంటి సమాధులు బయల్పడ్డాయి. ఐటీ నడవా మొలిచిన నేల ఇనుపయుగం నాటి మృతుల నేల కూడా అన్నది పురావస్తు సత్యం.

కొత్తగా కొన్న ఇల్లే భయస్థానం కావడం ఈ శతాబ్దపు చిత్రాల్లోని ముఖ్య పరిణామం. ‘అవును’ (2012)లో నవదంపతుల కొత్త ఇల్లు, ‘మసూద’ (2022)లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి పక్క ఫ్లాటు కథాస్థలాలు. పాడుబడిన కోటలో దయ్యం ఉంటే పారిపోవచ్చు. నెలనెలా వాయిదా కట్టే ఇంటి నుంచి పారిపోవడం సులువు కాదు. ‘మసూద’ మరొక విషయాన్నీ గుర్తుచేస్తుంది. ఆవేశానికి విరుగుడు కోసం మతభేదం లేకుండా దర్గాకు వెళ్లడం దక్కను జనజీవనంలో చిరకాలంగా ఉన్నది. తాయెత్తు, పీర్ల చావడి, మైసమ్మ గద్దె ఒకే ఊరి వైద్య వ్యవస్థలోని భాగాలుగా ఉండేవి.

కథ నిజమైన చోట

ఇంతవరకు చర్చించినవి సంకేతాలు. చేతబడి మాత్రం సంకేతంగా ఆగిపోలేదు. పూర్వపు మెదక్, బీదర్ ప్రాంతాల్లో ‘బాణామతి’ పేరిట చేతబడి భయం 20వ శతాబ్ది చివరి దశాబ్దాల్లోనూ బలంగా ఉండింది. మంత్రగాళ్లన్న అనుమానంతో పళ్లు ఊడబెరకడం, చెట్టుకు కట్టి కొట్టడం, సజీవదహనం చేయడం తెలంగాణ పల్లెల్లో వార్తలకెక్కిన ఘటనలు. పళ్లు లేనివాడి నోట మంత్రం పలకదన్న నమ్మకమే ఆ క్రూరత్వానికి తర్కం. మహారాష్ట్ర 2013లో, కర్ణాటక 2017లో ఇటువంటి అమానుషాలపై ప్రత్యేక చట్టాలు చేశాయి.

ఈ నేపథ్యంలో యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ నవల నుంచి నేటి చిత్రాల వరకు సాగిన చేతబడి కథనాలను పరిశీలించవలసి ఉంది. ‘విరూపాక్ష’ కథకు బీజం, చేతబడి ఆరోపణతో ఊరివాళ్లు ఒక జంటను తగులబెట్టడం. ఆ దహనాన్ని చిత్రం నేరంగానే చూపుతుంది. ఊరు దానికి శిక్ష అనుభవిస్తుంది. అయితే ఆ శిక్ష క్షుద్రశక్తి ద్వారానే రావడంతో, ఊరి అనుమానం పూర్తిగా అబద్ధం కాదన్న భావన ప్రేక్షకుడిలో మిగులుతుంది. వాస్తవంలో బలైనవారికి ఏ శక్తీ లేదు. ఉంటే బలయ్యేవారు కారు. కథావసరం కోసం మంత్రాన్ని నిజం చేసిన ప్రతిసారీ ఆరోపణ కూడా కొంత నిజమవుతుంది. ఈ వైరుధ్యాన్ని పరిష్కరించిన తెలుగు చిత్రాలు అరుదు.

ముగింపు

తెలుగు భయానక చిత్రం జానపదం నుంచి పేరంటాలి పగను, పూనకపు శరీరభాషను, పొలిమేర భావనను, నేలలోని శల్యాన్ని గ్రహించింది. వాటి వెంట ఉండిన పరిహార వ్యవస్థను గ్రహించలేదు. జానపద క్రతువు భయాన్ని పిలిచి, అన్నం పెట్టి, సాగనంపేది. అన్యాయంగా చనిపోయినవారిని ఊరు ఏటా తలుచుకొనేది. సినిమాలో దయ్యం నశిస్తుంది, ఆమెకు జరిగిన అన్యాయం ముగింపు సన్నివేశంతో మరుగున పడుతుంది. తెల్లాపూర్ వంటి చోట్ల పొలిమేర దేవతల గద్దెలు రహదారుల మధ్య, ప్రహరీల పక్కన మిగిలే ఈ దశలో, వాటి కథలను అక్కడి పాతకాపుల నోట సేకరించడం జానపద పరిశోధన తక్షణం చేపట్టవలసిన పని. ఆ కథల్లో చనిపోయినవారికి పేర్లుంటాయి. పేరున్న మృతురాలు ఊరికి దైవం. పేరు పోయినప్పుడే ఆమె దయ్యమవుతుంది.