ఐబీఎస్‌పై మెదడు చిత్రాల పరిశోధన

ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్ అనే దీర్ఘకాలిక జీర్ణకోశ సమస్యను డాక్టర్లూ రోగులూ కూడా ఐబీఎస్ అనే పిలుస్తారు. కడుపులో మెలిపెట్టినట్టు నొప్పి, ఉబ్బరం దీని లక్షణాలు. వీటికి తోడు కొందరికి విరేచనాలు, కొందరికి మలబద్ధకం, మరికొందరికి రెండూ మార్చి మార్చి వస్తాయి. రక్తపరీక్షల్లోనూ కొలనోస్కోపీలోనూ పుండు గానీ వాపు గానీ కనబడదు. రిపోర్టులన్నీ బాగున్నాయని చెప్పించుకుని నొప్పితోనే ఇల్లు చేరే ఈ రోగులకు వైద్యశాస్త్రం చాలాకాలం న్యాయం చేయలేదు. ఆ నొప్పి కల్పన కాదని తేల్చడంలో మెదడు చిత్రాలకు పెద్ద పాత్ర ఉంది.

అంతకుముందు చూపంతా పేగు మీదే ఉండేది. దక్షిణ రాయలసీమ పరిసరాల్లో ఆ పేగు జబ్బుల పరిశోధన కొత్తదేమీ కాదు. 1911లో సొంత జిల్లా ఏర్పడేదాకా చిత్తూరు ఉత్తర ఆర్కాటు జిల్లాకు కేంద్రం. ఇక్కడి రోగులు నేటికీ ఆ పాత జిల్లాలోనే ఉన్న వేలూరు సీఎంసీ ఆసుపత్రికి వెళ్తుంటారు. ఆ సంస్థలో సెల్విన్ బేకర్, వి.ఐ. మాథన్ 1960లలో ట్రాపికల్ స్ప్రూను అధ్యయనం చేశారు. తిన్నది ఒంటబట్టకుండా నెలల తరబడి విరేచనాలయ్యే జబ్బు అది. చిన్నపేగు లోపలి పొరలో కనిపించే మార్పులను వారు ఓపికగా నమోదు చేశారు. జబ్బంటూ ఉంటే పేగులోనే కనబడాలన్నది అప్పటి ఆలోచన. కలరా, టైఫాయిడ్, అమీబా రాజ్యమేలుతున్న రోజుల్లో అది సబబైన ఆలోచనే. అయితే ఆ చూపుతోనే దేశమంతటా ఎందరో ఐబీఎస్ రోగులకు పాత అమీబియాసిస్ అని పేరుపెట్టి మళ్లీ మళ్లీ అమీబా మందులు వాడించారు.

దారి మార్చిన ప్రయోగం బ్రిటన్‌లో జరిగింది. 1973లో జేమ్స్ రిచీ పెద్దపేగు చివరి భాగంలో చిన్న బెలూన్ ఉంచి గాలి నింపారు. 60 మిల్లీలీటర్ల దగ్గర ఆరోగ్యవంతుల్లో నూటికి ఆరుగురికి నొప్పి వస్తే, ఐబీఎస్ రోగుల్లో నూటికి 55 మందికి వచ్చింది. రోగుల పేగు ఎక్కువ సున్నితమని తేలింది గానీ, ఆ సున్నితత్వం పేగు నరాల్లో ఉందా, వెన్నుపాములో ఉందా, మెదడులో ఉందా అన్నది బెలూన్ చెప్పలేకపోయింది. 1978లో ఏడ్రియన్ మానింగ్ బృందం లక్షణాల ఆధారంగానే ఐబీఎస్‌ను గుర్తించే పద్ధతిని ప్రతిపాదించింది. నొప్పి ఎక్కడ పెద్దదవుతోందన్న ప్రశ్న మాత్రం అలాగే మిగిలింది.

లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో డేనియల్ సిల్వర్‌మన్, ఎమెరన్ మేయర్ తదితరులు 1997లో ఆ ప్రశ్నను పెట్ స్కానర్ ముందుకు తెచ్చారు. ఆరుగురు రోగులు, ఆరుగురు ఆరోగ్యవంతులు. బెలూన్‌ను పురీషనాళంలో ఉబ్బిస్తూ మెదడులో రక్తప్రసారాన్ని చూశారు. కొన్నిసార్లు ఉబ్బించకుండానే ఉబ్బిస్తున్నట్టు నమ్మించారు. ఆరోగ్యవంతుల్లో నొప్పి కలిగినప్పుడే కాక, కలుగుతుందని ఎదురుచూసినప్పుడు కూడా యాంటీరియర్ సింగ్యులేట్ అనే భాగం చురుకైంది. నొప్పిలోని బాధను, దానిపై మనసు పెట్టే ధ్యాసను చూసుకునే భాగాల్లో ఇదొకటి. రోగుల్లో అది కదల్లేదు. ఎడమవైపు నుదుటి వెనకున్న ప్రీఫ్రాంటల్ భాగం మేల్కొంది.

మూడేళ్లకు హోవర్డ్ మెర్ట్జ్ బృందం ఫంక్షనల్ ఎంఆర్ఐతో చూసినప్పుడు దీనికి విరుద్ధమైన ఫలితం వచ్చింది. సింగ్యులేట్ భాగం నొప్పికి రోగుల్లోనే ఎక్కువగా స్పందించింది. ఈ వైరుధ్యాన్ని దాటవేసి చరిత్ర రాయడం సరికాదు. పాల్గొన్నవాళ్లు కొద్దిమంది, యంత్రాలు వేరు, బెలూన్ ఉబ్బించిన తీరు వేరు. 2011లో కర్స్టెన్ టిల్లిష్, మేయర్, జెన్నిఫర్ లేబస్ అప్పటిదాకా జరిగిన అధ్యయనాలను కలిపి లెక్కగట్టారు. భయం, ఆందోళనలతో ముడిపడిన అమిగ్డలా వంటి భాగాలు, నొప్పిని పెంచే తగ్గించే మధ్యమెదడు భాగం ఐబీఎస్ రోగుల్లో ఎక్కువ నిలకడగా స్పందిస్తున్నాయని తేలింది.

ఈ పరంపరలో అన్నిటికన్నా విలువైనవి ఎదురుచూపు మీద జరిగిన అధ్యయనాలు. కడుపునొప్పి వస్తుందని ముందే తెలిసినప్పుడు ఆరోగ్యవంతులైన స్త్రీల మెదడు తన అలజడిని తానే తగ్గించుకుంటుందనీ, ఐబీఎస్ ఉన్న స్త్రీలలో ఆ అణచివేత బలహీనంగా ఉంటుందనీ 2008లో స్టీవెన్ బెర్మన్ బృందం చూపింది. అంతకు రెండేళ్ల ముందు బ్రూస్ నాలిబాఫ్ బృందం కొందరు ఐబీఎస్ రోగులకు ఏడాది పాటు పదే పదే బెలూన్ పరీక్ష చేసింది. ఎదురుచూపు వేళ కనిపించే మెదడు స్పందనలు తగ్గాయి, పరీక్షకు వాళ్లు అలవాటుపడ్డారు, రోజువారీ లక్షణాలు మాత్రం పెద్దగా మారలేదు. బస్సెక్కే ముందు, పరీక్ష హాల్లోకి వెళ్లే ముందు కడుపు కలచివేసే మనిషికి ఈ ఫలితాలు చాలా దగ్గరివి.

ఈ చిత్రాల్లో ఎక్కువ భాగం అమెరికా, ఐరోపాలవి. వాటిలోనూ స్త్రీలవే ఎక్కువ. మన దేశంలో ఉదయ్ ఘోషాల్ నేతృత్వంలో ఇండియన్ సొసైటీ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ 2008లో ప్రచురించిన సర్వేలో సాధారణ జనంలో 4.2 శాతానికి ఐబీఎస్ ఉన్నట్టు తేలింది. డాక్టర్ల దగ్గరికి వచ్చిన రోగుల్లో మాత్రం మగవాళ్లే ఎక్కువ. తిండి కూడా వేరు. రాగి సంగటిలోకి నూరుకునే ఊరుబిండి పచ్చడిలో మిరపకాయ లేకపోతే చిత్తూరువాళ్లకు ముద్ద దిగదు. మిరప కారాన్ని గ్రహించే గ్రాహకాన్ని కనుగొన్నందుకు డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతి దక్కింది. ఐబీఎస్ రోగుల పేగు పొరలో ఆ గ్రాహకమున్న నరపు పోగులు మూడు రెట్లకు పైగా ఉన్నట్టు 2008లో లండన్ పరిశోధకులు చూపారు. రాయలసీమ రోగుల మెదడు చిత్రాలను వాళ్ల తిండితో కలిపి చదవవలసిన అవసరం అందుకే ఉంది.

ఇలాంటి జబ్బుల నిర్ధారణకు వాడే రోమ్-4 ప్రమాణాలు 2016లో వెలువడి ఐబీఎస్‌ను పేగు–మెదడు పరస్పర చర్యల లోపంగా వర్గీకరించాయి. చికిత్సలోనూ ఈ పేగు–మెదడు బంధం జాడ కనిపిస్తుంది. ఆలోచనల తీరును మార్చే కాగ్నిటివ్ థెరపీ తర్వాత రోగుల్లో భావోద్వేగ భాగాల చురుకుదనం తగ్గినట్టు జెఫ్రీ లాక్నర్ బృందం 2006లో గమనించింది. విరేచనాలు ఎక్కువగా ఉండే ఐబీఎస్‌లో యోగా ఉపయోగాన్ని ఢిల్లీ ఎయిమ్స్ పరిశోధకులు 2004లోనే పరీక్షించారు.

రోగ నిర్ధారణకు మాత్రం మెదడు స్కాన్ పనికిరాదు. పైన చెప్పిన తేడాలన్నీ గుంపుల సగటుల్లో కనిపించేవి. ఒక మనిషి స్కాన్ చూసి అతనికి ఐబీఎస్ ఉందో లేదో చెప్పలేం. తిరుపతిలో 1993 నుంచి నడుస్తున్న స్విమ్స్ ఆసుపత్రికి వెళ్లినా, ఊళ్లోని చిన్న క్లినిక్‌కు వెళ్లినా లక్షణాలను బట్టే దీన్ని గుర్తించాలి. మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తహీనత, జ్వరం ఉన్నా, యాభై దాటాక లక్షణాలు కొత్తగా మొదలైనా, ముందుగా పరీక్షించాల్సింది పేగునే.