ఒడ్డున కనిపించినవారెందరు? దీవిలో ఉన్నవారెందరు?

మన దేశ జనాభా లెక్కల్లో ఒక చిన్న వరుస ఉంది. అండమాన్ నికోబార్ దీవుల్లోని ఉత్తర సెంటినల్ దీవిలో నివసించే సెంటినలీల సంఖ్య అందులో ఉంటుంది. 1901లో 117. 1911లో 117. 1921లో కూడా 117. 1931లో 50. 2001లో 39. 2011లో 15.

ఈ అంకెలను గ్రాఫు కాగితం మీద గుర్తించి చుక్కలు కలపండి. గీత కిందికి జారుతుంది. ఒక జాతి నూట పదేళ్లలో దాదాపు ఎనిమిదో వంతుకు తగ్గిపోయిందని ఎవరైనా అనేస్తారు. తొందరపడకండి. ముందు ఆ మొదటి మూడు అంకెలను మరోసారి చూడండి. ఇరవై ఏళ్లపాటు ఒక దీవిలో జనసంఖ్య ఒక్కటి కూడా పెరగకుండా, ఒక్కటి కూడా తగ్గకుండా ఉంటుందా? 117 అనేది లెక్కపెట్టగా వచ్చిన అంకె కాదు, అంచనా. ఒకసారి అచ్చయిన అంచనాను తర్వాతి లెక్కల్లోనూ అలాగే దింపేశారు. 'సుమారు వంద' అని రాసి ఉంటే చదివేవారికి అనుమానం వచ్చేది. 117 అనేసరికి ఎవరో ఒక్కొక్కరినీ వేలు పెట్టి లెక్కించినట్టే ఉంటుంది.

మరి 2001, 2011 అంకెల మాటేమిటి? ఇవి నిజంగా లెక్కపెట్టినవే. అయితే ఎక్కడి నుంచి?

పడవలో నుంచి చూసిన లెక్క

ఉత్తర సెంటినల్ దీవి విస్తీర్ణం సుమారు 60 చదరపు కిలోమీటర్లు. 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌కు పడమరగా సముద్రంలో ఉంది. దీవి నిండా దట్టమైన అడవి. అక్కడి ప్రజలు బయటివారిని రానివ్వరు. 1956 నాటి ఆదిమ జాతుల రక్షణ నిబంధనల ప్రకారం బయటివారు అక్కడికి వెళ్లడం నేరం కూడా. అందుచేత జనాభా లెక్కల సిబ్బంది పడవలో కొంత దూరాన నిలిచి, ఒడ్డున కనిపించినవారిని మాత్రమే లెక్కపెట్టారు. 2011లో అలా కనిపించిన 15 మందిలో 12 మంది పురుషులు, ముగ్గురు స్త్రీలు.

పన్నెండుకు ముగ్గురు! తరతరాలుగా బతుకుతున్న ఏ సమాజంలోనూ స్త్రీ పురుషుల నిష్పత్తి ఇలా ఉండదు. కాబట్టి ఈ అంకె దీవిలో ఎందరున్నారో చెప్పడం లేదు. పడవ వచ్చినప్పుడు ఒడ్డుకు ఎవరు వస్తారో చెబుతోంది.

ఒక ఊహా దీవిని తీసుకుందాం. అందులో 40 మంది పురుషులు, 30 మంది స్త్రీలు, 30 మంది పిల్లలు ఉన్నారనుకోండి. పడవ కనిపించగానే పురుషుల్లో సగం మంది, స్త్రీలలో పదిహేనింట ఒకరు ఒడ్డుకు వస్తారనుకోండి. పిల్లలను అడవిలోనే దాచేస్తారు. మన పుస్తకంలో 22 అని రాసుకుంటాం. నమ్మకం కుదరక పదిసార్లు వెళ్లామనుకోండి. పదిసార్లూ 22కు అటూ ఇటూగానే వస్తుంది. అంకె నిలకడగా ఉంది కదా అని మన నమ్మకం పెరుగుతుంది. తప్పు మాత్రం అలాగే ఉంటుంది.

ఈ చిక్కు ఆ ఒక్క దీవిదే అనుకోకండి. మీ సెల్‌ఫోన్ తెర మీద 'మీ అభిప్రాయం చెప్పండి' అంటూ కనిపించే ప్రతి ఆన్‌లైన్ అభిప్రాయ సేకరణా పడవలో నుంచి చూసిన లెక్కలాంటిదే. దానికి జవాబిచ్చేవారు ఒడ్డుకు వచ్చినవారు. రానివారి సంగతి దానికి తెలియదు. ఆ పోలికను కొంచెం నిదానంగా చూద్దాం.

తగ్గింది జనమా, లెక్కా?

అంతకన్నా ముందు మరో ప్రశ్న. అండమాన్ అంకెలన్నీ ఇలాంటివేనా? కానేకాదు.

గ్రేట్ అండమానీల సంఖ్య 1901లో 625. 1911లో 455. 1931లో 90. 1961లో 19. ఈ తగ్గుదల నిజమైనది. 1858లో బ్రిటిష్ వారు పోర్ట్ బ్లెయిర్‌లో ఖైదీల స్థావరం పెట్టిన తర్వాత వీరు బయటివారితో కలిసి మెలిసి బతకవలసి వచ్చింది. 1877లో తట్టు వ్యాధి విరుచుకుపడింది. సుఖరోగాలు, ఇన్‌ఫ్లుయెంజా కూడా తోడయ్యాయి. అంతవరకు ఆ రోగాలను ఎరగని శరీరాలకు వాటిని తట్టుకునే శక్తి లేదు. వీరు కళ్లెదుటే ఉన్నారు కనుక, తగ్గిపోవడమూ కళ్లెదుటే తెలిసింది.

జారవాల కథ వేరు. 1991 లెక్కల్లో వారు 89 మంది. 2001లో 240 మంది. పదేళ్లలో రెండున్నర రెట్లకు మించి పెరిగారా? అంతమంది పిల్లలు పుట్టలేదు. 1997 చివరి నుంచి జారవాలు అడవి దాటి దగ్గరి పల్లెలకు రావడం మొదలుపెట్టారు. అంతవరకు కనబడనివారు కనబడ్డారు. పెరిగింది ముఖ్యంగా మన చూపు.

తేడా గమనించారా? ఒకచోట జనం తగ్గారు, మరోచోట మన లెక్క పెరిగింది. అంకెల పట్టికలో రెండూ ఒకేలా కనబడతాయి. పట్టిక చూసినవారు ఎలా లెక్కపెట్టారని అడగకపోతే, చావును పొరపాటుగానూ పొరపాటును చావుగానూ చదివే ప్రమాదం ఉంది. సెంటినలీలు 15 మందే మిగిలారని నమ్మినవారు, వారిని కాపాడాలనే మంచి ఉద్దేశంతోనే పడవెక్కి దీవికి బయలుదేరవచ్చు. ఆ పడవలోనే తట్టు కూడా ప్రయాణం చేయవచ్చు.

కోటి ఉత్తరాలు

ఇప్పుడు అమెరికాకు వెళదాం. 1936లో అక్కడ అధ్యక్ష ఎన్నికలు. రూజ్‌వెల్ట్, లాండన్ పోటీదార్లు. లిటరరీ డైజెస్ట్ అనే ప్రసిద్ధ పత్రిక సుమారు కోటి మందికి నమూనా బ్యాలెట్లు పంపింది. దాదాపు 24 లక్షలు తిరిగి వచ్చాయి. లాండన్ సునాయాసంగా గెలుస్తాడని పత్రిక ప్రకటించింది. ఓట్లు లెక్కిస్తే రూజ్‌వెల్ట్‌కు దాదాపు 61 శాతం వచ్చాయి. అదే ఎన్నికలో జార్జ్ గాలప్ అనే యువకుడు సుమారు 50 వేల మందినే అడిగి, గెలిచేది ఎవరో సరిగ్గా చెప్పాడు.

డైజెస్ట్ చిరునామాలు ఎక్కడివి? టెలిఫోన్ డైరెక్టరీలు, కార్ల రిజిస్ట్రేషన్ జాబితాలు, తన సొంత చందాదారుల పట్టిక. ఆర్థిక మాంద్యపు రోజుల్లో ఫోనూ కారూ ఉన్నవారు దేశమంతటికీ ప్రతినిధులు కారు. పైగా జవాబిచ్చింది నాలుగోవంతు మందే. రూజ్‌వెల్ట్‌పై కోపం ఉన్నవారు శ్రద్ధగా బ్యాలెట్ తిప్పి పంపారు. రెండేళ్లలో ఆ పత్రికే మూతపడింది.

అన్నం ఉడికిందో లేదో ఒక మెతుకు పట్టి చూస్తాం. కుండ మొత్తం తినక్కరలేదు. కాని అడుగు నుంచి కలిపి పట్టాలి. పైపైన గరిటెడు తీసినా అడుగున సంగతి తెలియదు. గణాంక శాస్త్రంలో ఈ కలపడాన్నే యాదృచ్ఛిక నమూనా అంటారు. ప్రతి ఒక్కరికీ ఎంపికయ్యే అవకాశం ఎంతో ముందుగా తెలిసి ఉండాలి. అలా ఎంచిన వెయ్యి మందిని అడిగితే పొరపాటు సుమారు 3 శాతం లోపల ఉంటుంది. నమూనా సంఖ్యకు వర్గమూలం కట్టి ఒకటిని దానితో భాగించండి, ఈ అంకె వస్తుంది. కలపకుండా పట్టిన మెతుకులకు ఈ సూత్రం వర్తించదు.

తెర మీది ఓట్లు

2007లో ప్రపంచపు కొత్త ఏడు వింతలంటూ ఒక ప్రైవేటు సంస్థ ఇంటర్నెట్, ఫోన్ల ద్వారా ఓటింగ్ నిర్వహించింది. పది కోట్లకు పైగా ఓట్లు పడ్డాయని ప్రకటించింది. తాజ్‌మహల్ ఎంపికైంది, మనమంతా సంతోషించాం. అయితే ఒకే వ్యక్తి పలుమార్లు ఓటు వేసే వీలుంది. ఇంటర్నెట్ అందుబాటులో ఉన్నవారి అభిప్రాయమే ఇందులో కనిపిస్తుందని యునెస్కో ముందే స్పష్టం చేసి దూరంగా ఉంది.

అది సరదా పోటీ అనుకుందాం. కరోనా రోజుల్లో జరిగినది సరదా కాదు. అమెరికాలో ఎంతమంది టీకా వేయించుకున్నారో తెలుసుకోవడానికి ఫేస్‌బుక్ ద్వారా పెద్ద సర్వే జరిగింది. వారానికి సుమారు రెండున్నర లక్షల జవాబులు వచ్చేవి. 2021 మే నెలలో అది చెప్పిన శాతం, ప్రభుత్వ రికార్డుల్లోని శాతం కంటే 17 పాయింట్లు ఎక్కువగా ఉంది. అదే కాలంలో జాగ్రత్తగా ఎంచిన వెయ్యి మందిని అడిగిన మరో సర్వే నిజానికి దగ్గరగా చెప్పింది. అంతకు ముందే 2018లో సియావో-లి మెంగ్ అనే గణాంక శాస్త్రవేత్త ఇలాంటిదే లెక్కగట్టి చూపాడు. 2016 అమెరికా ఎన్నికల సర్వేల్లోని 23 లక్షల జవాబులకు, సరిగా ఎంచిన 400 మంది జవాబులకు విలువ ఒకటేనట!

ఆన్‌లైన్ సర్వేలన్నీ చెత్త అని కూడా అనలేం. 2012 అమెరికా ఎన్నికల్లో గూగుల్ కంపెనీ సర్వే బాగా నెగ్గుకొచ్చిన వాటిలో ఒకటి. వార్తలు చదవడానికి వచ్చినవారి ముందు ఒకటి రెండు ప్రశ్నలు పెట్టి, వారి వయసు, లింగం, ప్రాంతాలను దేశ జనాభాతో సరిపోల్చి లెక్కలు సవరించేవారు. అక్కడికి వచ్చినవారు వార్త కోసం వచ్చారు, అభిప్రాయం చాటడానికి కాదు. ఉద్యోగులు పని వేళలో అయిదో వంతు సొంత ఆలోచనలకు వాడుకోవచ్చునని 2004లోనే మదుపరులకు రాసిన కంపెనీ అది. ఆ సర్వే సేవను 2022లో మూసివేశారు.

కలకత్తాలో ఒక గది

కొత్త ఆలోచనలకు చోటిచ్చే పని పద్ధతి కంప్యూటర్ కంపెనీలతోనే పుట్టలేదు. 1931లో కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతికశాస్త్రం బోధించే ప్రశాంత చంద్ర మహలనోబిస్ భారత గణాంక సంస్థను ప్రారంభించాడు. 1937 నుంచి బెంగాల్ జనపనార పంట సర్వేలు చేయిస్తూ ఆయన ఒక చిత్రమైన ఏర్పాటు చేశాడు. ఒకే ప్రాంతానికి రెండు జట్లను విడివిడిగా పంపేవాడు. రెండు లెక్కల మధ్య తేడా ఎంతో చూసి, తమ పనిలో పొరపాటు ఎంతో తామే తెలుసుకునేవారు. తన తప్పును తానే పట్టుకునే వీలును పనిలోనే అమర్చుకున్న కార్యాలయం అది.

1950లో ఆ అనుభవంతోనే జాతీయ నమూనా సర్వే మొదలైంది. ఆ సర్వే నివేదికల్లో ఒక వాక్యం తరచుగా కనిపించేది. అండమాన్ నికోబార్ దీవుల్లో ఏడాది పొడవునా చేరుకోవడం కష్టమైన గ్రామాలను మినహాయించామని దాని సారాంశం. చిన్న వాక్యమే. కాని తాము చూడని చోటు ఏదో అది పాఠకుడికి చెబుతుంది. ఏ ఆన్‌లైన్ పోల్ కింద అయినా ఇలాంటి వాక్యం చూశారా? 2020 ఆగస్టు 10న చెన్నై నుంచి సుమారు 2,300 కిలోమీటర్ల సముద్రగర్భ కేబుల్ ప్రారంభమయ్యే దాకా ఈ దీవులకు ఇంటర్నెట్ ప్రధానంగా ఉపగ్రహాల ద్వారానే, అదీ నత్తనడకన వచ్చేది. 2011 లెక్కల ప్రకారం దీవుల జనాభా 3,80,581. వారిలో సుమారు 13 శాతం తెలుగు మాతృభాషగా ఉన్నవారు. ఆ రోజుల్లో దేశం అభిప్రాయమంటూ వెలువడిన ఆన్‌లైన్ పోల్స్‌లో వారి గొంతు ఎంత వినిపించి ఉంటుంది?

1941లో ఆ కలకత్తా సంస్థలో ఒక తెలుగు యువకుడు చేరాడు. హడగలిలో పుట్టి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివిన ఆయనే కల్యంపూడి రాధాకృష్ణారావు. 2023లో 102 ఏళ్ల వయసులో కన్నుమూసిన సి.ఆర్.రావు. 1965లో ఆయన రాసిన ఒక పరిశోధన వ్యాసం మన ప్రశ్నకు సూటిగా సంబంధించినది. అందరూ సమానంగా మన కంట పడనప్పుడు, మనకు చిక్కిన అంకెలను ఎలా చదవాలి? ఏ నియమం ప్రకారం వారు మన కంట పడ్డారో తెలిస్తే అంకెలను సరిదిద్దవచ్చు. ఆ నియమం తెలియకపోతే ఎన్ని లక్షల అంకెలు పోగేసినా సరిదిద్దలేం.

మీరే చేసి చూడండి

రావుగారు చేయించిన లెక్కనే మీ తరగతిలో చేయవచ్చు. మగపిల్లలను మాత్రమే అడగండి. ప్రతి ఒక్కరూ తమ ఇంట్లో తనతో సహా మగపిల్లలెందరో, ఆడపిల్లలెందరో చీటీ మీద రాయాలి. అన్నీ కూడండి. మగపిల్లల సంఖ్య తేలిగ్గా ఎక్కువ వస్తుంది. ఊళ్లో ఆడపిల్లలు తక్కువగా పుడుతున్నారా? ఆ మాట అనేముందు, జవాబిచ్చినవారి సంఖ్యను మగపిల్లల మొత్తంలో నుంచి తీసివేయండి. చాలామందిని అడిగి ఉంటే రెండు సంఖ్యలూ ఇంచుమించు దగ్గరకు వస్తాయి. అప్పటికీ పెద్ద తేడా మిగిలితే దానికి వేరే కారణం వెతకాలి. ఆడపిల్లల తరగతిలో ఇదే లెక్క తిరగబడుతుంది. పిల్లలే లేని ఇళ్లు మాత్రం ఏ చీటీలోకీ రావు.

ఇక్కడ నియమం మనకు తెలుసు కాబట్టి సవరించగలిగాం. ఉత్తర సెంటినల్ ఒడ్డుకు ఎవరు ఏ నియమం ప్రకారం వస్తారో మనకు తెలియదు. తెలుసుకోవాలంటే దీవి మీద అడుగుపెట్టాలి. గ్రేట్ అండమానీలకు ఏం జరిగిందో తెలిసిన దేశం ఆ పని చేయకూడదని నిర్ణయించుకుంది. అందువల్ల 2011 పట్టికలోని 15ను మీరు ఎక్కడైనా రాయవలసి వస్తే, పక్కనే మరో రెండు మాటలు కూడా రాయండి: ఒడ్డున కనిపించినవారు.