ట్రాన్స్‌మిషన్ ఫిల్టరు (భారీ యంత్రాలు)

ట్రాన్స్‌మిషన్ ఫిల్టరు అనగా వీల్ లోడరు, బుల్డోజరు, మోటారు గ్రేడరు, బ్యాక్‌హో లోడరు వంటి భారీ యంత్రాల ట్రాన్స్‌మిషన్‌లో తిరిగే ఆయిలును వడగట్టే భాగం. ఫిల్టరు ఖరీదు స్వల్పమే అయినా, దాని లోపం వలన చెడిపోయే ట్రాన్స్‌మిషన్‌ను బాగుచేయించటం చాలా ఖర్చుతో కూడిన పని. అందువలన వాడిన యంత్రాన్ని కొనేవారు మొదట పరిశీలించవలసిన వాటిలో ఇది ఒకటి. తెలుగునాట ప్రొక్లెయిన్ అని పిలువబడే గొలుసు ఎక్స్‌కవేటర్లు హైడ్రాలిక్ మోటార్లతో నడుస్తాయి కనుక వాటిలో ఈ తరహా ట్రాన్స్‌మిషన్ ఉండదు.

పనిచేయు విధానం

పవర్‌షిఫ్ట్ ట్రాన్స్‌మిషన్‌లో క్లచ్ ప్లేట్లను అదిమిపట్టి గేరు పడేలా చేసేది ఆయిలు పీడనమే. సంపులోని ఆయిలు మొదట సక్షన్ జాలీ గుండా పంపునకు చేరుతుంది. ఈ జాలీ పెద్ద ముక్కలను మాత్రమే ఆపగలదు. పంపు నుండి వెలువడిన ఆయిలు ఫిల్టరు గుండా కంట్రోల్ వాల్వుకు, క్లచ్‌లకు, టార్క్ కన్వర్టరుకు వెళ్ళి, కూలరులో చల్లబడి, బేరింగులను తడిపి మరల సంపునకు చేరుతుంది. యంత్రాన్ని బట్టి ఈ వరుసలో కొంత తేడా ఉండవచ్చు.

మామూలు కంటికి సుమారు 40 మైక్రాన్ల కంటే చిన్న కణాలు కనిపించవు. అరుగుదలకు కారణమయ్యే కణాలలో అధికభాగం అంతకంటే చిన్నవే. కనుక చూపుకు తేటగా ఉన్న ఆయిలు శుభ్రమైనదని చెప్పటానికి వీలులేదు. ప్రయోగశాలలో ఐఎస్ఓ 4406 ప్రమాణం ప్రకారం 1 మిల్లీలీటరు ఆయిలులో 4, 6, 14 మైక్రాన్లు, అంతకు మించిన కణాలను లెక్కించి మూడు అంకెల సంకేతం ఇస్తారు. సంకేతంలో అంకె ఒకటి పెరిగితే కణాల సంఖ్య దాదాపు రెట్టింపైనట్లు.

బైపాస్ వాల్వు

ఫిల్టరు మూసుకుపోతే ఆయిలు ఆగిపోకుండా బైపాస్ వాల్వు తెరుచుకుంటుంది. అప్పుడు ఆయిలు వడగట్టబడకుండానే ముందుకు పోతుంది. యంత్రం మాత్రం మామూలుగానే నడుస్తుంది, గేర్లూ పడతాయి, లోపల అరుగుదల సాగుతూ ఉంటుంది. మూసుకుపోయిన ఫిల్టరు చాలాకాలం ఏ లక్షణమూ చూపకపోవటానికి కారణం ఇదే. కొన్ని యంత్రాలలో బైపాస్‌ను సూచించే హెచ్చరిక దీపం ఉంటుంది. పాత యంత్రాలలో ఆ బల్బు మాడిపోయి గాని, తీగ ఊడి గాని ఉండవచ్చు కనుక దీపం వెలగనంత మాత్రాన నమ్మరాదు. చల్లని ఆయిలు చిక్కగా ఉండటం వలన స్టార్టు చేసిన కొద్దిసేపు ఈ దీపం వెలగటం మామూలే. ఆయిలు వేడెక్కాక కూడా వెలుగుతూ ఉంటే అది లోపం.

లోప నిర్ధారణ

ముందుగా డిప్‌స్టిక్‌తో ఆయిలు మట్టాన్ని, రంగును, వాసనను చూడాలి. మాడు వాసన క్లచ్ జారుతున్నదని తెలుపుతుంది. పాలవలె తెల్లబడిన ఆయిలులో నీరు చేరి ఉండవచ్చు, కూలరు చిల్లుపడటం ఇందుకు ఒక కారణం. నురుగు అయితే కొంతసేపటికి తేరుకుంటుంది, నీటి తెలుపు తేరుకోదు. కాగితపు పొర గల క్లచ్ ప్లేట్లకు నీరు మిక్కిలి హానికరం, పొరను అంటించిన జిగురు వదిలిపోతుంది.

లోపం ఎప్పుడు కనబడుతున్నదో గమనించటం ముఖ్యం. చల్లగా ఉన్నప్పుడు గేరు ఆలస్యంగా పడి, పంపు కీచుమని శబ్దం చేస్తే సక్షన్ వైపు అడ్డంకిని అనుమానించాలి. కొంతసేపు పనిచేసి బలహీనపడి, ఆపి ఉంచితే మరల కోలుకొనే యంత్రంలో జాలీకి మడ్డి చేరి ఉండటం తరచు కనిపించే కారణం. ఆగినప్పుడు మడ్డి కిందికి జారుతుంది. వేడెక్కిన తరువాతనే జారితే, పలుచబడిన ఆయిలు అరిగిన సీళ్ళ గుండా లేదా పంపు గుండా కారుతున్నదని అర్థం. ఒక్క గేరులోనే జారితే లోపం ఆ క్లచ్‌లో ఉంటుంది, ఫిల్టరు మార్చటం వృథా. అనుమానం నిజమో కాదో తేల్చేది ప్రెజర్ గేజి. ఫిల్టరుకు ముందు, తరువాత పీడనాన్ని కొలిచి తయారీదారు ఇచ్చిన విలువలతో పోల్చాలి. బకెట్టును నేలకు దించి, చక్రాలకు అడ్డు పెట్టిన తరువాతనే ఈ పరీక్ష చేయాలి.

ఫిల్టరును కోసి చూచుట

అన్నిటికన్నా ఎక్కువ విషయం చెప్పేది పాత ఫిల్టరు. దీనిని ఫిల్టరు కట్టరుతో తెరవాలి. హాక్సా బ్లేడుతో కోస్తే ఆ రజనే లోపల పడి తప్పుదారి పట్టిస్తుంది. మడతలను విప్పి, బెంచి వైస్‌లో పిండి, వెలుతురులో పరచి చూస్తారు. అయస్కాంతానికి అంటే ఉక్కు రజను గేర్లు, బేరింగుల నుండి వస్తుంది. పసుపు వన్నె కంచు బుష్‌లు, థ్రస్ట్ వాషర్లు లేదా కంచు పూత గల క్లచ్ ప్లేట్ల నుండి, అల్యూమినియం తరచుగా టార్క్ కన్వర్టరు నుండి, నల్లని పీచు క్లచ్ కాగితపు పొర నుండి, రబ్బరు ముక్కలు సీళ్ళ నుండి వస్తాయి. మెత్తని బూడిదరంగు పొర కొద్దిగా ఉండటం సహజం. వేలికి గుచ్చుకొనే తునకలు ఉంటే ట్రాన్స్‌మిషన్ విప్పక తప్పదు.

అమ్మకానికి ముందు ఆయిలు, ఫిల్టరు మార్చటం పరిపాటి. ఇది మంచి నిర్వహణ కావచ్చు, సాక్ష్యాన్ని తుడిచివేయటమూ కావచ్చు. అటువంటప్పుడు జాలీని, డ్రెయిన్ ప్లగ్గు అయస్కాంతాన్ని తీయించి చూడాలి, ఎందుకంటే వాటిని శుభ్రం చేయటం చాలామంది మరచిపోతారు. మెరిసే కొత్త ఫిల్టరు కంటే పనిగంటలతో సహా రాసి ఉంచిన సర్వీసు పుస్తకం నమ్మదగినది. చాలా యంత్రాలలో ఫిల్టరును సుమారు 500 గంటలకు, ఆయిలును 1000 గంటలకు మారుస్తారు.

ట్రాన్స్‌మిషన్ పునర్నిర్మాణం జరిగిన యంత్రాలలో కూలరును, గొట్టాలను కూడా కడిగారో లేదో అడిగి తెలుసుకోవాలి. పాత రజను కూలరులో నిలిచిపోతే, కొత్తగా అమర్చిన భాగాలలోకి మొదటి కొద్ది గంటలలోనే తిరిగి చేరుతుంది.