మునిగిన నోటుకే మోజు

నిజాం పాలన ముగిసిన సెప్టెంబర్ 17 దగ్గరపడితే నల్లగొండ, పాలమూరు ఇళ్లలో తాతల నాటి సందుగలు మళ్లీ తెరుచుకుంటాయి. అడుగున ఓ నిజాం నోటు కనిపిస్తే చాలు, లక్షలొస్తాయని ఆశ పుడుతుంది. పాతదైతే ధర పలుకుతుందనేది అపోహ. సేకర్తలు ముందు చూసేది అలాంటివి ఎన్ని మిగిలాయి, ఎంత చెక్కుచెదరకుండా మిగిలాయి, సంతకం ఎవరిది అని. అసలీ నేలకు కాగితం డబ్బు నిన్నమొన్నటిది. కాకతీయుల నుంచి అసఫ్‌జాహీల దాకా లోహానిదే రాజ్యం. గద్వాల, నారాయణపేట టంకశాలలూ దాన్నే నమ్ముకున్నాయి. మొదటి ప్రపంచయుద్ధంలో వెండి కరవయ్యాకే, 1918 చట్టంతో నిజాం సర్కారు నోట్లకు దిగింది.

వాటిని అచ్చువేసింది లండన్‌లోని ‘వాటర్‌లో’ కంపెనీ. ఉర్దూతో పాటు తెలుగు, మరాఠీ, కన్నడం, ఇంగ్లీషు కూడా ఉన్న ఆ హాలీ (నిజాం రాజ్యపు సొంత డబ్బు) నోట్లు ఓడల మీద బొంబాయి చేరాలి. 1922 మే 20న ‘ఈజిప్ట్’ అనే ఓడ ఫ్రాన్స్ తీరం దగ్గర పొగమంచులో ‘సీన్’ అనే సరుకుల ఓడ ఢీకొట్టడంతో నిమిషాల్లో మునిగిపోయింది. అందులో టన్నులకొద్దీ బంగారం, వెండి, వాటితో పాటు మన నోట్లు. ఇటలీ గజ ఈతగాళ్లు ‘ఆర్తిగ్లియో’ ఓడ మీద వచ్చి వెతికారు. 1930లో మరో శిథిలాన్ని పేలుస్తుండగా ఆ ఓడే పేలిపోయింది. ఇంకో ఓడ తెచ్చుకుని 1932లో బంగారం పైకి తీశారు. నోట్లూ వచ్చాయి. హైదరాబాద్ చేరలేదు గనుక వాటి మీద ఆర్థికమంత్రి సంతకం లేదు, అంటే అవి చెల్లవు. ఏ సంతలోనూ ఒక్క గింజైనా కొనని ఆ కాగితాలకే, ఓడ కథ తోడై, సేకర్తల్లో అంత మోజు!

సూర్యాపేట సంతలో చేతులు మారి, మడతలు పడి, చమురంటిన నోటుకు చరిత్ర లేదా అని అడగొచ్చు. ఉంది, చెప్పాలంటే దానికే ఎక్కువ ఉంది. కానీ చరిత్ర వేరు, ధర వేరు. వాడకంలో నలిగిన రూపాయి నోట్లు ఇప్పటికీ చాలానే దొరుకుతాయి. మడత పడని వెయ్యి నోటు దొరకడం చాలా అరుదు. అలాగని మురికి కడిగి, ఇస్త్రీ చేస్తే ఉన్న విలువా పోతుంది. 1950ల చివర్లో హాలీ చెల్లుబాటు ముగిసింది కాబట్టి ఇక దాని ధర సేకర్తల చేతిలోనే. 2016లో రద్దయిన ఐదొందలు, వెయ్యి నోట్ల సంగతైతే సరేసరి: 2017 చట్టం ప్రకారం పదికి మించి దాచుకోవడమే నేరం, అధ్యయనానికో నాణేల సేకరణకో అయితే ఇరవై అయిదు దాకా ఉంచుకోవచ్చు. పాత నోటు కొంటామని రిజర్వు బ్యాంకు పేరు చెప్పి ముందే రుసుము అడిగేవారికి పైసా ఇవ్వకండి. అలా వసూలు చేసే అధికారం తాము ఎవరికీ ఇవ్వలేదని ఆ బ్యాంకే 2021లో ప్రకటించింది.