ట్రాన్స్‌లేషనల్ న్యూరోసైన్స్ పీహెచ్‌డీ శిక్షణ: తెలుగువారి చరిత్ర

మెదడు, నాడుల గురించి ప్రయోగశాలలో తేలినదాన్ని రోగికి పనికొచ్చేలా మలచాలి. రోగి దగ్గర కనబడిన చిక్కుముడిని మళ్లీ ప్రయోగశాలకు మోసుకెళ్లాలి. ఈ రాకపోకలు రెండూ తెలిసిన పరిశోధకులను తయారుచేసే చదువును ట్రాన్స్‌లేషనల్ న్యూరోసైన్స్ శిక్షణ అంటారు. అమెరికా ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐహెచ్ 2006లో ట్రాన్స్‌లేషనల్ పరిశోధన, శిక్షణల కోసం విశ్వవిద్యాలయాలకు ప్రత్యేక నిధులు ఇవ్వడం మొదలుపెట్టాక ఆ మాట బాగా వాడుకలోకి వచ్చింది. తెలుగు ఊళ్లలో ఈ పని అంతకు చాలా ముందే మొదలైంది.

పక్షవాతాన్ని వాతరోగంగా ఎంచిన సంప్రదాయ వైద్యం ఇక్కడ శతాబ్దాలపాటు గురువు నుంచి శిష్యుడికి అందుతూ వచ్చింది.

ఆధునిక పరిశోధనకు తొలి ఆనవాలు నీళ్లలో దొరికింది. 1937లో షార్ట్, అతని సహచరులు మద్రాసు ప్రెసిడెన్సీలో నీటిలోని అధిక ఫ్లోరైడు వల్ల వచ్చే ఫ్లోరోసిస్‌పై వ్యాసం ప్రచురించారు. నాటి నెల్లూరు జిల్లా పల్లెల్లో బావినీళ్లు తాగినవారి వెన్నెముక బిగుసుకుపోయి, వెన్నుపాము నలిగి, కాళ్లు పడిపోతున్న తీరు అలా వైద్యలోకం దృష్టికి వచ్చింది. 1955లో సిద్దిఖీ నల్లగొండ రోగుల గురించి రాశారు. ఆ తర్వాత హైదరాబాదు న్యూరోసర్జన్ డి. రాజారెడ్డి ఈ రోగుల నాడీ సమస్యలను దశాబ్దాలపాటు అధ్యయనం చేశారు.

రెండో ఆనవాలు పప్పుగింజలో దొరికింది. కరువు రోజుల్లో నెలల తరబడి ఖేసరి పప్పే తిన్నవారికి కాళ్లు కొయ్యబారేవి. మునివేళ్ల మీద, కర్ర ఊతంతో నడిచేవారు. ఒకసారి పోయిన నడక మళ్లీ వచ్చేది కాదు. బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో పి.ఎస్. శర్మతో కలిసి ఎస్.ఎల్.ఎన్. రావు, పి.ఆర్. అడిగ ఆ గింజల్లోని విషాన్ని వేరుచేసి 1964లో ప్రకటించారు. అది ఒక అమైనో ఆమ్లం. దాన్ని కోడిపిల్లలకు ఎక్కిస్తే మెడ బిగిసి వెనక్కి వాలేది, ఫిట్స్ వచ్చేవి. తర్వాత రావు ఉస్మానియా బయోకెమిస్ట్రీ విభాగంలో పనిచేస్తూ 1978లో ఆ విషాన్ని రంగును బట్టి కొలిచే సులువైన పద్ధతిని అందించారు. విషం తక్కువగా ఉండే వంగడాలను వెతికేవారికి అది ఎంతో ఉపయోగపడింది. రోగి కాళ్ల నుంచి పరీక్షనాళిక దాకా, అక్కడి నుంచి తిరిగి పొలం దాకా సాగిన ఈ పని నేటి పీహెచ్‌డీ విద్యార్థులకు చక్కని పాఠం.

సంస్థలు నెమ్మదిగా వచ్చాయి. 1958లో పోషకాహార పరిశోధన కేంద్రం కూనూరు నుంచి హైదరాబాదుకు తరలింది. 1974లో హైదరాబాద్ విశ్వవిద్యాలయం, అదే ఏడాది బెంగళూరులో మానసిక ఆరోగ్య, నాడీశాస్త్ర సంస్థ నిమ్హాన్స్ ఏర్పడ్డాయి. 1995లో నిమ్హాన్స్‌లో సుసర్ల కృష్ణ శంకర్ నెలకొల్పిన మెదడు బ్యాంకుతో దానం చేసిన మానవ మెదడు కణజాలం పరిశోధకులకు అందుబాటులోకి వచ్చింది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ చదివిన విజయలక్ష్మీ రవీంద్రనాథ్ హర్యానాలోని మానేసర్‌లో జాతీయ మెదడు పరిశోధన కేంద్రానికి వ్యవస్థాపక డైరెక్టర్ అయ్యారు. 2003లో రాష్ట్రపతి కలామ్ దాన్ని జాతికి అంకితం చేశారు.

ఈ చరిత్రలో అన్నిటికన్నా నిండైన ఘట్టం 2013 నాటిది. హైదరాబాదులోని నిమ్స్ ఆసుపత్రి న్యూరాలజిస్టు సువర్ణ అల్లాడి, ఎడిన్‌బరోకు చెందిన థామస్ బాక్, భాషావేత్త దుగ్గిరాల వసంత, కంప్యూటర్ శాస్త్రవేత్త సూరంపూడి బాపిరాజు తదితరులు 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు పరిశీలించారు. వారిలో 391 మందికి ఒకటికన్నా ఎక్కువ భాషలు వచ్చు. ఒకే భాష తెలిసినవారికన్నా వీరిలో జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా బయటపడింది. బడి ముఖం చూడనివారిలోనూ తేడా కనిపించింది. ఇంట్లో తెలుగు, వీధిలో ఉర్దూ మాట్లాడే హైదరాబాదు జీవితమే ఇక్కడ ప్రయోగశాల అయింది.

ఇలాంటి పనిలో విద్యార్థి ముందుగా నేర్చేది ప్రశ్న అడగడం. ఇంగ్లిష్ మేధోసామర్థ్య పరీక్షలో ‘పి’తో మొదలయ్యే మాటలు చెప్పమంటారు. అక్షరాలు రాని అవ్వకు ఆ ప్రశ్న పొసగదు. తెలిసిన జంతువుల పేర్లు చెప్పమంటే మాత్రం ఆవు, గేదె, మేక అంటూ ఆమె వేళ్లు మడుస్తూ పోతుంది. ఒక నిమిషంలో ఎన్ని చెప్పింది, చెప్పినదే మళ్లీ చెప్పిందా అన్నది విద్యార్థి రాసుకోవాలి. తెలుగువారు ఎక్కువగా ఉన్న కర్ణాటకలోని కోలారు జిల్లా శ్రీనివాసపురంలోనూ ఈ మెలకువ కావాలి. అక్కడ 45 ఏళ్లు దాటిన 10,000 మందిని ఏళ్లపాటు గమనించాలని బెంగళూరు మెదడు పరిశోధన కేంద్రం సంకల్పించింది.

ఇక కృష్ణా డెల్టాకు 1986లో విజయవాడలో ఆరోగ్య విశ్వవిద్యాలయం వచ్చింది. మంగళగిరి ఎయిమ్స్‌లో 2018లో ఎంబీబీఎస్ తొలి తరగతులు మొదలయ్యాయి. అయినా ఈ డెల్టా నుంచి బయలుదేరే విద్యార్థి నాడీశాస్త్ర పరిశోధన కోసం ఎక్కువగా హైదరాబాదు, బెంగళూరుల వైపే చూడాల్సి వస్తోంది.

యూజీసీ 2009 నుంచి పీహెచ్‌డీకి కోర్సువర్క్ తప్పనిసరి చేసింది. 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీ వ్యవధి కనీసం మూడేళ్లు. రోగులతో పనిచేసే విద్యార్థి వీటితోపాటు నైతిక సంఘం అనుమతి తెచ్చుకోవాలి. సమ్మతి పత్రాన్ని రోగి భాషలో చదివి వినిపించాలి. చదువురానివారి దగ్గర, పరిశోధనతో సంబంధం లేని సాక్షి ఎదుట వేలిముద్ర తీసుకోవాలి. పరీక్షలోని మొదటి ప్రశ్న ఆ తర్వాతే.