కోరంగి నుంచి రంగానికి: వలస చరిత్ర బోధనలో రవాణా సాక్ష్యం

కోరంగి అనగానే నేటి విద్యార్థికి మడ అడవులు స్ఫురిస్తాయి. గోదావరి సముద్రంలో కలిసే చోట ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు అది. 1839 నవంబరు ఉప్పెన తరువాత ఆ రేవు తేరుకోలేదు. వ్యాపారం క్రమంగా కాకినాడకు తరలింది. అయినా ఆ తరువాత ఎన్నో దశాబ్దాల పాటు బర్మాలో తెలుగు కూలీలకు వాడిన పేరు 'కోరంగి'. కాకినాడలో ఓడ ఎక్కినవారూ, విశాఖపట్నం, భీమునిపట్నం, కళింగపట్నం రేవుల్లో ఎక్కినవారూ అక్కడ కోరంగివారే. ఓడలు రావడం మానిన రేవు పేరు, ఆ రేవును ఎన్నడూ చూడనివారికి అంటుకుంది. పరాయిదేశం వలసకూలీని అతని ఊరితో గాక అతడు వచ్చిన దారితో గుర్తుపెట్టుకున్నదనడానికి ఇంతకంటే సూటి నిదర్శనం అరుదు.

తెలుగు తరగతిలో వలసను సాధారణంగా విరహంగా, పేదరికంగా బోధిస్తారు. ప్రయాణం ఎలా జరిగిందన్నది ఒక వాక్యంలో ముగుస్తుంది. దీనివల్ల స్వభావంలో పూర్తిగా భిన్నమైన రెండు వలసలు 'వలస' అన్న ఒకే మాటలో కలిసిపోతున్నాయి. ఒకటి ఒప్పంద కూలీల వలస. రెండవది బర్మా వలస. వీటిని విడదీసి చూపగలిగేది ఓడ ఒక్కటే.

మద్రాసు నుంచి బయలుదేరిన 'ట్రూరో' 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. నాటి నుంచి 1911 వరకు నేటాల్‌కు వెళ్లిన ఒప్పంద కూలీలు 1,52,184 మంది. వీరిలో ఎక్కువమంది మద్రాసులో ఓడ ఎక్కినవారు. తెలుగువారూ వారిలో గణనీయంగా ఉన్నారు. ప్రతి ఓడకూ ఒక పట్టిక ఉంది. అందులో కూలీ సంఖ్య, పేరు, తండ్రి పేరు, వయస్సు, కులం, జిల్లా, గ్రామం, ఎత్తు, ఒంటిమీది గుర్తులు నమోదయ్యాయి. ఇంత శ్రద్ధ ఎందుకన్న ప్రశ్న విద్యార్థి నుంచే రావాలి. ఐదేళ్ల ఒప్పందానికి కట్టుబడిన మనిషి పారిపోతే పట్టుకోవడానికి మచ్చ, మాను అవసరం. అంటే నేడు పరిశోధకుడికి అమూల్యమైన ఈ ఆధారం బంధనం నుంచి పుట్టింది. దీన్ని దాచి పట్టికను కేవలం వంశవృక్ష సామగ్రిగా చూపడం అన్యాయం.

ఈ పట్టికల్లో తెలుగు విద్యార్థి మాత్రమే చేయదగిన పని ఒకటుంది. పేర్లను గుమాస్తాలు విన్నట్టుగా ఆంగ్లలిపిలో రాశారు. ఇంటిపేరుకు గడి లేదు. ఒక అప్పన్న ఏ రూపంలో మిగిలాడో, ఆ గ్రామనామం ఏ తెలుగు పలుకుబడికి వికృతో తేల్చాలంటే ధ్వని మార్పులూ, ప్రాంతీయ నామకరణ పద్ధతులూ తెలియాలి. అప్పన్న అన్న పేరు సింహాచలం పరిసరాలను సూచించవచ్చు. అదొక్కటే నిర్ధారణకు చాలదు.

బర్మాకు పోయిన తెలుగువారి సంఖ్య నేటాల్‌కు పోయిన తెలుగువారి సంఖ్యకు ఎన్నో రెట్లు. బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ పొగఓడలు తీరపు రేవులను కలుపుతూ బంగాళాఖాతం దాటించేవి. మేస్త్రీ ముందుగా టిక్కెట్టు డబ్బులిచ్చి, తరువాత కూలి నుంచి రాబట్టుకునేవాడు. కోతల కాలానికీ, బియ్యపు మిల్లులు నడిచే కాలానికీ మనుషులు వెళ్లేవారు. కొందరు రెండు మూడేళ్లుండి తిరిగివచ్చేవారు. రేవులో మూటలు మోసినవారూ, రిక్షా లాగినవారూ వీరే. 1931 జనగణన నాటికి రంగూన్ నగర జనాభాలో సగానికి పైగా భారతీయులు. అయితే డెక్కు మీద కూర్చున్న ఈ ప్రయాణికుడితో సర్కారుకు ఒప్పందం లేదు. అతనిని తలగా లెక్కించారు, పేరుగా రాయలేదు. మేస్త్రీకి చిక్కిన అప్పు బంధనం కాదా అంటే అవును. కానీ ఆ బంధనానికి రిజిస్టరు లేదు. చిన్న వలసకు పేర్లున్నాయి, పెద్ద వలసకు అంకెలే ఉన్నాయి.

అందువల్ల ఇక్కడ ఆధారం తెలుగు మాటే. తీర గ్రామాల వాడుకలో రంగూన్ 'రంగం' అయింది. 'రంగం పోయాడు' అన్న మాట పాత రచనలో కనిపిస్తే, నిఘంటువు పట్టుకున్న విద్యార్థి నాటకరంగమో యుద్ధరంగమో అనుకునే ప్రమాదముంది. 'రంగూన్ రౌడీ' నాటకం పేరు తెలిసినవారు సైతం ఆ నగరం తెలుగు ఊళ్లకు ఎంత దగ్గరగా ఉండేదో ఊహించరు. మౌఖిక కథనాలకూ పరిమితి ఉంది. తిరిగివచ్చినవాడి సంపాదనను ఊరు చెప్పుకుంటుంది. రానివాడి గురించి చెప్పేది తక్కువ. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీల సమ్మె, వారి స్థానంలో తెచ్చిన బర్మీయులను సమ్మె ముగియగానే తొలగించడం, దానితో చెలరేగిన అల్లర్లు వంటి ఘట్టాల్లో అధికార పత్రాలనూ ఊరి జ్ఞాపకాన్నీ పక్కపక్కన పెట్టి చదివించడం తప్పనిసరి.

1941 డిసెంబరు 23న రంగూన్‌పై జపాన్ బాంబులు పడ్డాయి. మరుసటి మార్చిలో నగరం పడిపోయేసరికి ఓడదారి మూసుకుపోయింది. ఓడలో కొద్ది రోజుల్లో దాటిన దూరాన్ని లక్షలాది భారతీయులు అరకాన్ మీదుగానో, మణిపూర్ కొండల మీదుగానో వారాల తరబడి నడిచారు. ఎందరు దారిలో రాలిపోయారో చెప్పే పట్టిక లేదు. యుద్ధం తరువాత మిగిలినవారిలో, తిరిగి వెళ్లినవారిలో అనేకులు 1960లలో జాతీయీకరణ వల్ల మళ్లీ ఓడ ఎక్కవలసి వచ్చింది, ఈసారి ఇటువైపుకు. అలా వచ్చినవారు స్థిరపడిన విశాఖపట్నం పేటకు బర్మా క్యాంప్ అని పేరు. అక్కడ కోరంగివారైనవారు ఇక్కడ బర్మావారయ్యారు.